మూడో కేక

1861 మే నెల, సోమవారం పొద్దెక్కేసరికి హాలర్ వాళ్ళ కళ్ళంలో రెండు వందల మంది జమయ్యారు. కొనడానికి వచ్చినవాళ్ళు అందులో సగం ఉంటారేమో. మిగతావాళ్ళకి కావలసింది హాలర్ ముఖం. పాతికేళ్ళుగా ఎరిగిన మనిషి, గోధుమ చేను మోకాలెత్తు లేచిన వేళ ఇల్లూ గొడ్డూ గోదా అమ్ముకుని బానిసత్వం లేని ఉత్తరాదికి, ఒహాయోకి ఎందుకు పోతున్నాడో తెలిసే ఉన్నా, ఆ ముఖంలో చూసి తెలుసుకోవాలని వాళ్ళ ఆరాటం. హాలర్ ఎవరికీ చిక్కకుండా గుర్రాల పాకలో దూరి కూర్చున్నాడు.

బండి మీద నిలబడి వేలం వేస్తున్నది రూబెన్ సైప్. వర్జీనియాలోని మా లోయలో ఎవరు చచ్చినా, ఎవరు దివాలా తీసినా, ఎవరు ఊరు విడిచినా రూబెన్ని పిలవాల్సిందే. మనిషి చూడబోతే పొట్టి. గొంతు మాత్రం ఆ శరీరంలో ఎక్కడ పడుతుందో ఎవరికీ అంతుబట్టదు. గాలి వాటంగా ఉంటే వాగు అవతల మిల్లులో ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ ఆవు ఎంతకి పోయిందో చెప్పగలరు.

అతని వేలానికి ఒక పద్ధతుంది. ధర ఆగిన తర్వాత మూడు కేకలు వేస్తాడు. మూడోది పడిందంటే ఇక ఆ సరుకు తిరిగిరాదు, కోర్టుకెళ్ళినా రాదు. ఆలోపు ఎవరికైనా అభ్యంతరం ఉంటే నోరు విప్పి రభస చెయ్యక్కర్లేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుంటే చాలు, పాట ఆగిపోతుంది. ఈ సంగతి లోయలో పసిపిల్లలకి కూడా తెలుసు.

"ఎర్ర దూడ! ఏడు నెలలది! ఒకటోసారి! రెండోసారి!"

రెండో వరసలో మిల్లు నడిపే ఏబ్రమ్ నిస్వాండర్ టోపీ తీశాడు. వెడల్పు అంచు నల్లటోపీ, ఆయుధం పట్టని క్రైస్తవులు మెనోనైట్లు పెట్టుకునేది. తీసి, తీరిగ్గా చంకలో పెట్టుకున్నాడు.

"ఆగింది పాట! ఏంటన్నా, నీ అభ్యంతరం?" అంటూ రూబెన్ బండి మీంచి వంగి చెవి పెట్టాడు. ఏబ్రమ్‌కి నాలుగేళ్ళ కిందట గొంతులో పుండు లేచి మాట పోయింది. మిగిలిందల్లా గుసగుస. అదీ జానెడు దూరం దాటదు. రూబెన్ విని, నడుం నిలబెట్టి, కళ్ళమంతా దద్దరిల్లేలా చెప్పాడు. "ఈ దూడ హాలర్‌ది కాదట! పక్కింటి కేట్ పిన్నిది. మేతకొచ్చి మందలో కలిసిపోయిందట! తోలుకుపో పిన్నీ, ఈసారి గంట కట్టుకో!"

జనం నవ్వారు. కేట్ పిన్ని దూడ చెవి పట్టుకుని నడిపించుకుపోయింది. ఏబ్రమ్ టోపీ మళ్ళీ తల మీదికి చేరింది.

మధ్యాహ్నానికి సామాన్ల వంతు వచ్చింది. నాగళ్ళు, కొడవళ్ళు, యాపిల్ పళ్ళు ఉడికించే రాగి డేగిశా. ఆ తర్వాత కొత్త జనపనార తాడు చుట్ట. రూబెన్ దాన్ని మూరలేసి కొలిచి ముప్ఫై అడుగులన్నాడు. మొదటి పాటే కెప్టెన్ ఈస్టమ్ పాడాడు. ఊరి కుర్రాళ్ళతో కొత్తగా కట్టిన దళానికి ఈస్టమ్ కెప్టెన్ అయి ఇంకా నెల కాలేదు. బూట్లు కొత్తవి, కత్తి తాతది. అతను పాడాక ఇంకెవరూ పెంచలేదు.

"ఎడ్లకా కెప్టెన్ గారూ?" అన్నాడు రూబెన్, పాట పెంచుదామని సరదాగా.

"ఎడ్లకెందుకండీ? గురువారం పోలింగుకి."

"పోలింగులో తాడేం చేస్తుందండీ?"

"వంకరగా నిలబడ్డవాళ్ళని నిటారుగా నిలబెడుతుంది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్ళు నేల చూశారు. రూబెన్ ఒకటో కేక వేశాడు, రెండోది వేశాడు. అతని చూపు ఒకసారి టోపీల మీదుగా కళ్ళం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళొచ్చింది. తాడు అమ్మకానికి అభ్యంతరం ఏముంటుంది? హాలర్ తాడు, హాలర్ అమ్ముకుంటున్నాడు. మూడో కేక పడింది.

*

మంగళవారం స్క్వైర్ లాకార్ట్ కబురు పెట్టాడు. ఊళ్ళో తగువులు తీర్చే మేజిస్ట్రేటు, మా పోలింగు కేంద్రానికి పెద్దా ఆయనే. వర్జీనియాలో ఓటు చీటీ మీద రాసేది కాదు. ఓటరు మెట్లెక్కి, నలుగురిలో పేరూ మాటా పైకి చెప్పాలి. కేక వేసేవాడు దాన్ని ఊరికంతటికీ వినిపించాలి. అప్పుడు గుమాస్తా పుస్తకంలో ఎక్కిస్తాడు. పదకొండేళ్ళుగా ఆ కేక రూబెన్‌దే. వేలం అలవాటు చొప్పున ఓటుకి కూడా మూడు కేకలు వేస్తాడు. గుమాస్తాగా కూర్చునే బడి మాస్టరు మూడోది పడితే గాని సిరాలో కలం ముంచడు.

స్క్వైర్ వరండాలో బల్ల మీద చట్టం పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఏప్రిల్ దాకా అమెరికా రాష్ట్రాల యూనియన్ విడిచిపోవడం పిచ్చిపని అని అదే వరండాలో వాదించిన మనిషి. ఇప్పుడు అవే పుస్తకాలు ఇంకో పేజీ దగ్గర తెరిచాడు.

"కూర్చో రూబెన్. గురువారం అడిగేది ఒకటే ప్రశ్న. యూనియన్ నుంచి వర్జీనియా విడిపోవడానికి ఆమోదమా, తిరస్కారమా. రిచ్‌మండ్‌లో మన రాష్ట్ర సభ ఎలాగూ తీర్మానం చేసేసింది. జనం అవుననాలి, అంతే."

"జనం కాదంటే?"

"ఎందుకంటారు? చట్టం మన పక్షాన ఉంది. రాష్ట్రాలు వాటి కాళ్ళ మీద అవి నిలబడి, ఇష్టపడి కలిశాయి. ఇష్టపడి కలిసినవాళ్ళు ఇష్టం తీరాక వెళ్ళకూడదని రాజ్యాంగంలో ఎక్కడుందో చూపించు."

"వెళ్ళొచ్చని మాత్రం ఎక్కడుందండీ?"

"వదులుకోని హక్కంతా రాష్ట్రానిదే. అదీ అందులోనే రాసుంది."

రూబెన్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. అతనికి తెలిసిన న్యాయమంతా బండి మీద నిలబడి నేర్చుకున్నదే. "నా దగ్గర ఆవును కొన్నవాడు ఏడాది పాలు తాగి, ఆ తర్వాత తోలుకొచ్చి నాకిష్టం లేదంటే నేనొప్పుకోనండీ. మూడో కేక పడిపోయింది కదా."

"ఆవు గుడ్డిదని తేలితే?"

"అది వేరే సంగతి. తిరిగి తీసుకుంటాను. కానీ గుడ్డిదో కాదో కొన్నవాడొక్కడే తేల్చేసుకుంటే ఎలాగండీ? నలుగురూ చూడాలి."

"ఆ నలుగురిలో ముగ్గురు నీ ఆస్తి కాజేద్దామని కాచుకున్నవాళ్ళయితే? వాళ్ళ తీర్పుకి కూర్చుంటావా?"

"ఏం ఆస్తి కాజేస్తారండీ?"

స్క్వైర్ నోరు తెరిచాడు గాని, ఆయన ఇంటి బానిస లెటీ కాఫీ పళ్ళెం పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆయన మాట అక్కడితో మింగేశాడు. లెటీ ఇద్దరి ముందూ కప్పులు పెట్టి, పుస్తకాల మీద చుక్క పడకుండా వంచి పోసి, గోడ పక్కకి వెళ్ళి నిలబడింది. ఇష్టం లేనప్పుడు వెళ్ళిపోయే హక్కు గురించి ఆ ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. కాఫీ బాగుందని రూబెన్ అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియలేదు.

ఆమె వెళ్ళాక స్క్వైర్ గొంతు తగ్గించాడు. "మన దగ్గర ఎనభై ఆరు ఓట్లు. అన్నీ ఒక్కటే మాట కావాలి. ఈస్టమ్ కుర్రాళ్ళు వేడి మీదున్నారు. ఒక్కడు ఎదురు చెప్పినా నేను ఆపలేను."

"నెల కిందటే మనవాళ్ళు ఫెడరల్ సర్కారు ఆయుధాల కొట్టు మీదికి పోయారు కదండీ. వేలం మొదలవకముందే సరుకు బండెక్కేసింది. ఇక ఓటెందుకు?"

"ఇలాంటివి నా దగ్గర అన్నావు సరే, బయట అనకు. నేను చెప్పేది నిస్వాండర్ గురించి. ఆ ముసలాడి మొండితనం నీకు తెలుసు. అతని మాట నీ చెవి దాటి బయటికి రాదు. ఏం చెప్పినా, నువ్వు కేక వేసిందే ఓటు. అర్థమైందా? అతని మంచికే."

రూబెన్ తలూపాడు. నిజం చెప్పాలంటే అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఒక ముసలివాడి ప్రాణం నిలబడుతుంది, ఎవరికీ నష్టం లేదు. ఇంత సులువైన దారి తనకెందుకు తోచలేదా అనుకుంటూ ఇల్లు చేరాడు.

*

తోచిన దారి సులువే అయినా బుధవారం పొద్దున్నే అతని కాళ్ళు మిల్లు వైపు నడిచాయి.

వాగు నీటిని కట్టేశారు, చక్రం ఆగి ఉంది. ఏబ్రమ్ తిరగేసిన పెద్ద తిరగలి రాయి మీద పక్కకి ఒరిగి కూర్చుని ఉలిసుత్తితో గాళ్ళు కొడుతున్నాడు. అరిగిన గాడిని వేలితో తడమడం, ఊదడం, నాలుగు దెబ్బలు వెయ్యడం, మళ్ళీ తడమడం. రాతి పొడి గడ్డంలో పేరుకుంది. పైనుంచి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అతని కొడుకులిద్దరూ అక్కడే ఉన్నట్టున్నారు.

"అన్నా, రేపు ఇంట్లో ఉండిపో," అన్నాడు రూబెన్ ఉపోద్ఘాతం లేకుండా. "జ్వరమని చెప్తాను."

ఏబ్రమ్ సుత్తి ఆపి దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "రానివాళ్ళ జాబితా కూడా రాస్తున్నాడు ఈస్టమ్."

"అయితే వచ్చి ఆమోదం అనేసి పో. మీ సంఘం పెద్దలు కూడా అలాగే అంటారట కదా."

"అంటారు. వాళ్ళని తప్పు పట్టను. భయం నాకూ ఉంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నేను తిరస్కారం అంటాను."

"సరే, అను. నా చెవిలో ఏమన్నా అనుకో." రూబెన్ చుట్టూ చూసి, తన గొంతుకి చేతనైనంత మెల్లగా చెప్పాడు. "నేను ఆమోదం అని కేక వేస్తాను. స్క్వైర్ ఒప్పుకున్నాడు. నీ మనసుకి నువ్వు నిజమే చెప్పినట్టు. అబద్ధమైతే నాది. నాకు అలవాటేలే, గుడ్డి గుర్రాలకి చూపుందని ఎన్నిసార్లు అరవలేదు!"

ముసలాయన నవ్వలేదు. సుత్తి పక్కన పెట్టి రూబెన్ చొక్కా పట్టుకుని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"నాకు గొంతు లేదు. రేపు ఒక్క నిమిషం నీ గొంతు నాది. అందులో వేరే మాట పెట్టకు."

"ప్రాణం పోతుందన్నా."

"కోర్టు ముందు లెటీనీ కూతుర్నీ వేలం వేశావు, గుర్తుందా? తల్లిని స్క్వైర్‌కి, ఆరేళ్ళ పిల్లని జార్జియా వర్తకుడికి."

రూబెన్ వెనక్కి జరగబోయాడు. ఏబ్రమ్ చొక్కా వదల్లేదు.

"అది చట్టప్రకారం జరిగిన పాట," అన్నాడు రూబెన్.

"కాదన్నానా? నేను జనంలో ఉన్నాను. అప్పుడు నాకు గొంతుంది. టోపీ తియ్యడానికి గొంతు కూడా అక్కర్లేదు. తియ్యలేదు. మా వాళ్ళం బానిసల్ని పెట్టుకోం కదా, ఇది మన గొడవ కాదులే అని నిలబడ్డాను." చొక్కా వదిలేసి మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఇంకేదో అంటున్నట్టు పెదాలు కదిలాయి. రూబెన్ వంగి విన్నాడు. "మా అబ్బాయిలిద్దరూ సైన్యానికి చిక్కకుండా ఈ సాయంత్రం పడమటి కొండల దారి పడుతున్నారు. నువ్వు చూడలేదనుకో."

రాత్రి భోజనంలో పంది మాంసం, పుల్లని క్యాబేజీ పెట్టింది సుసన్నా. రూబెన్ పళ్ళెంలో కత్తి అటూ ఇటూ కదుపుతున్నాడు.

"రేపు ఏం కేక వేస్తావు?" అంది భార్య.

"ఏం చెబితే అదే. నా పని అదేగా."

"మరి తినవేం?"

*

గురువారం సూర్యోదయానికే పోలింగు మొదలైంది. బడి వరండాలో బల్ల, బల్ల వెనక స్క్వైర్, పక్కన పుస్తకంతో మాస్టరు. తల మీది దూలానికి హాలర్ తాడు. చివర ఉచ్చు ముడి నీటుగా వేసి ఉంది. ఓటు చెప్పడానికి మెట్లెక్కినవాడు సరిగ్గా దాని కిందే నిలబడాలి. ఆ చోటు ఎవరు కొలిచి పెట్టారో గాని బాగా కొలిచారు. ముంగిట ఈస్టమ్, అతని మనుషులు పన్నెండు మంది. వరండా చివర లెటీ కాఫీ కెటిలు పట్టుకుని నిలబడింది.

"జోసెఫ్ రైఫ్! ఆమోదం! ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!"

కలం గీరుకుంది. ముంగిట్లో కేరింత. తర్వాతివాడు వచ్చాడు. కొందరు పాట పాడినట్టు హుషారుగా చెప్పారు, కొందరు పంటి నొప్పితో ఉన్నట్టు చెప్పారు. మార్చిలో యూనియన్ జెండా ఎగరేసిన కంసాలి, తాడు చూడకుండా ఉండాలని బూట్లు చూసుకుంటూ ఆమోదం అన్నాడు. మెనోనైట్లు ఐదుగురు కలిసికట్టుగా వచ్చి, ఒకడి తర్వాత ఒకడు అదే మాట చెప్పి, ఎవరి వంకా చూడకుండా బండెక్కారు. రూబెన్ గొంతులో తేడా లేదు. వచ్చింది వచ్చినట్టు కేక వేస్తున్నాడు.

మధ్యాహ్నం రెండు గంటల వేళ ఏబ్రమ్ ఒక్కడే నడిచి వచ్చాడు. గడ్డంలో రాతి పొడి లేదు, శుభ్రంగా కడుక్కుని వచ్చాడు. మెట్లెక్కి తాడు కింద నిలబడి రూబెన్ వైపు తల వంచాడు.

"తిరస్కారం."

ఆ మాట రూబెన్ చెవికి వెచ్చగా తగిలింది. స్క్వైర్ బల్ల మీద వేళ్ళు ఆడించడం మానేశాడు. ముంగిట్లో అందరూ రూబెన్ నోటి వంక చూస్తున్నారు. రూబెన్‌కి తాడు ముడి కనిపించింది. దాని కింద ఏబ్రమ్ మెడ కనిపించింది, ముడతలు పడి, కోడి మెడలా సన్నగా. అతనికి భయం వేసింది. జాలీ వేసింది. రెండూ కలిసి ఒకే మాట చెప్పాయి.

"ఏబ్రమ్ నిస్వాండర్! ఆమోదం! ఒకటోసారి!"

ముంగిట్లో అందరికంటే పెద్ద కేరింత అప్పుడు పుట్టింది. ఎవడో ఈల వేశాడు. ఏబ్రమ్ కదల్లేదు. రూబెన్ వంక చూశాడు, కోపంగా కూడా కాదు. మెల్లగా చెయ్యెత్తి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

కేరింత ముందు వరసలో ఆగింది, ఆ తర్వాత వెనక వరసల్లో ఆగింది. ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని లేదు. ముసలాయన నెత్తి మీద తెల్లవెంట్రుకలు గాలికి లేస్తున్నాయి.

"కానియ్ రూబెన్," అన్నాడు స్క్వైర్ చిన్నగా. రూబెన్ ఆ టోపీ వంకే చూస్తున్నాడు. స్క్వైర్ మాస్టరు వైపు తిరిగాడు. "కేక వేసిందే ఓటు. రాసుకోండి."

మాస్టరు తల మీది తాడు వంక చూశాడు. అయినా కలం సిరాబుడ్డి పక్కనే ఉంచాడు. "మూడోది పడలేదండీ," అన్నాడు.

రూబెన్ ముప్ఫై ఏళ్ళుగా టోపీలు చూస్తున్నాడు. తీసిన టోపీని చూసి కూడా పాట సాగించిన రోజు ఒక్కటీ లేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"పాట ఆగింది. తప్పు నాది." ఆ రెండు మాటలూ మామూలుగా అన్నాడు. ఆ తర్వాతది మిల్లు దాకా వినిపించి ఉంటుంది. "ఏబ్రమ్ నిస్వాండర్! తిరస్కారం! ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" ఊపిరి తీసుకోకుండా ఇంకో పేరు అందుకున్నాడు. "రూబెన్ సైప్! తిరస్కారం! ఒకటోసారి!"

స్క్వైర్ లేచి నిలబడ్డాడు. "కేక వేసేవాడి ఓటు ఆఖర్న!"

"అలాగని చట్టంలో ఎక్కడుందో చూపించండి స్క్వైర్ గారూ. రెండోసారి! మూడోసారి!"

కలం రెండు పేర్లు రాసింది. ఒకదాని కింద ఒకటి, తిరస్కారం అన్న రెండో వరసలో. ఆ వరస అప్పటిదాకా ఖాళీగా ఉంది.

ఈస్టమ్ నిమ్మళంగా మెట్లెక్కాడు. ఉచ్చులో చెయ్యి దూర్చి, వెడల్పు చేసి, మళ్ళీ బిగించి చూశాడు. "ముప్ఫై అడుగులు. రెండింటికీ సరిపోతుంది. మీరు కొలిచి అమ్మిందే కదండీ, తేడా ఉండదు." కుర్రాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. "సూర్యాస్తమయం దాకా పోలింగు జరగాలి. కేక వెయ్యడానికి మీరు కావాలి. కానివ్వండి రూబెన్ గారూ. మాకేం తొందర లేదు."

ఏబ్రమ్ టోపీ పెట్టుకుని మెట్లు దిగాడు గాని ఇంటికి పోలేదు. కింది మెట్టు మీద కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. రూబెన్ కేకలు సాగించాడు. అప్పటిదాకా హుషారుగా చెప్పినవాళ్ళ తమ్ముళ్ళు, కొడుకులు, మాట కిందికి దించి అతని చెవి దగ్గర గొణుగుతున్నారు. గొంతు పోయినట్టు ఏబ్రమ్‌లాగే గొణుగుతున్నారు. వాళ్ళు గొణిగిందాన్ని రూబెన్ ఉన్నదున్నట్టు పైకి చెప్పాడు. ఆమోదం, ఆమోదం, ఆమోదం. కేరింతలు మాత్రం మళ్ళీ లేవలేదు.

కొండ మీద ఎండ పల్చబడింది. స్క్వైర్ పుస్తకం మూయించి లెక్క చదివాడు. ఎనభై నాలుగు ఆమోదం, రెండు తిరస్కారం. జనం ముందే జారుకున్నారు. మాస్టరు ఎవరికీ చెప్పకుండా బడి వెనక దారిన వెళ్ళిపోయాడు. ఈస్టమ్ తాడు విప్పి, చుట్ట చుట్టి, జీనుకి తగిలించుకున్నాడు. అతని మనుషులు గుర్రాలెక్కి, రూబెన్ ఇంటికి పోయే రోడ్డు పక్కన వరసగా నిలబడ్డారు.

రూబెన్ వరండా చివరికి నడిచాడు. గొంతు ఆరిపోయింది. లెటీ అడక్కుండానే చల్లారిన కాఫీ ఒక కప్పులో పోసి ఇచ్చింది. అతను తాగాడు. ఒక మంచి మాట ఆశించాడు. దాచడమెందుకు, ఆ రోజు అది తనకి చెల్లుతుందనే అనుకున్నాడు.

"విన్నావా లెటీ?" అన్నాడు.

"విన్నాను దొరా. మీ గొంతు నాకు కొత్త కాదు." ఖాళీ కప్పు అతని చేతిలోంచి తీసుకుని గుడ్డతో తుడిచింది. "నా ఫీబీని అమ్మిన రోజు కూడా ఇంతే గట్టిగా అరిచారు. మూడుసార్లు అరిచారు. మధ్యలో చాలాసేపు ఆగారు కూడా. నేను అందరి తలలూ చూశాను. ఎవరూ టోపీ తియ్యలేదు."

రూబెన్ నోరు తెరిచాడు. మైలు దూరం పోయే గొంతు జానెడు దూరం కూడా రాలేదు. చెయ్యి దానంతటదే పైకి వెళ్ళింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. లెటీ అప్పటికే కప్పులు బుట్టలో సర్దుకుని స్క్వైర్ బండి వైపు నడిచిపోతోంది. కింది మెట్టు మీద నుంచి ఏబ్రమ్ లేచి నిలబడ్డాడు. రోడ్డు మీద గుర్రాలు కదిలాయి.